అప్పడాల కర్రకు పట్టని వంపు

కిందటి వారం ఎడ్నాను గరాజులో, పెయింటు డబ్బాల వెనక దొరికిన పాత మేజోడు చేతిలో పట్టుకుని నిలబడి ఉండగా వదిలేశాం. మేజోడు ఆమె చిన్నకొడుకు రాబిన్‌ది, ఫుట్‌బాల్ ఆడేటప్పుడు వేసుకునేది. అందులో చుట్టి దాచింది మాత్రం మూరెడు కూడా లేని బ్రేకు పైపు ముక్క. దాని ఒక కొసన తుప్పు పట్టిన నట్టు ఒకటి వేలాడుతోంది. దాచినవాడు ఆమె భర్త డెస్మండ్. ఎందుకు దాచావయ్యా అని అడుగుదామంటే, మొన్న చలికాలంలోనే అతను చర్చి వెనక మట్టిలోకి, ఆరేళ్ళ కిందట పోయిన చిన్నకొడుకు పక్కకి వెళ్ళిపోయాడు.

ఆ మేజోడు ఇప్పుడు ఎడ్నా ఏప్రన్ జేబులో ఉంది. ఎడ్నా కారులో ఉంది.

కారంటే ఇంకా పూర్తి కారు కాదు. ఇనుప చట్రం, దాని మీద ఎర్రటి ఫైబరు తొడుగు, రెండు సీట్లు. చక్రాలు ఊడదీసి చట్రాన్ని దిమ్మల మీద కూచోబెట్టారు. చట్రమూ తొడుగూ పెట్టెల్లో తెప్పించుకుని, ఇంజనూ ఇరుసులూ ఏదో పాత కారులోంచి పీక్కుని, ఇంటి గరాజులో ఏళ్ళ తరబడి కూర్చుకునే బండి అది. ఇంగ్లండులోని ఆ బెల్పర్ ఊళ్ళో, ఆ వీధి మగాళ్ళలో సగం మందికి ఆ పిచ్చి ఉంది. డెస్మండ్‌కి రెండుసార్లు పట్టింది. మొదటిసారి నీలం కారు. కొండ మలుపులో బ్రేకు పడక రాబిన్‌ని తీసుకుపోయింది అదే. తరవాత చాలాకాలానికి, ఎవరూ అడక్కుండానే, ఎవరి కోసమో చెప్పకుండానే ఈ ఎర్రది మొదలెట్టాడు. పెట్రోలు పైపు వేశాడు, బ్రేకు పైపులు వేశాడు, బ్రేకు నూనె పోసే లోపలే గుండె ఆగి ఈ దిమ్మల పక్కనే పడిపోయాడు.

సోమవారం నాటింగ్‌హామ్ నుంచి ఒకాయన లారీ తెచ్చుకుంటానన్నాడు. ఈ మధ్యే లైసెన్సు వచ్చిన తన కూతురికి కానుకట. నడిచే బండిగానే ఇస్తానని ఎడ్నా మాటిచ్చింది. సగం చేసి వదిలేసిన డెస్మండ్ పని ఏదీ ఆ ఇంట్లో లేదు. ఇదొక్కటీ ఉండిపోవడం ఆమెకు మింగుడు పడలేదు.

"తొక్కు, బాతూ," అని కారు వెనక నుంచి గొంతు వచ్చింది.

ఆ ఊళ్ళో అది ముద్దుమాట. పాలవాడు పాదిరిగారిని పిలిచినా అలాగే పిలుస్తాడు. ఇప్పుడు పిలిచినవాడు పెర్సీ, ఎదురింటి మనిషి. డెస్మండ్‌తో పాటు రైల్వే వర్క్‌షాపులో చేరి, డెస్మండ్‌తో పాటే రిటైరై, డెస్మండ్ శవపేటికకు ఒకవైపు భుజం పట్టిన స్నేహితుడు. ఇప్పుడు వెనక ఎడమ చక్రం ఉండాల్సిన చోట గోనెపట్టా మీద పడుకుని, పక్కన జామ్ సీసా పెట్టుకుని ఉన్నాడు.

ఎడ్నా బ్రేకు పెడలు అడుగంటా తొక్కింది. "అంటింది."

"వదులు."

వదిలింది. బయట గరాజు రేకు మీద సన్నటి వాన పడుతోంది.

"తొక్కు. కాలు గట్టిగా పెట్టవే. పిల్లి తోక మీద అడుగు పడుతుందేమోనని భయపడేదానిలా తొక్కుతున్నావ్."

"బడి వంటశాలలో ఒక జీవితకాలం నిలబడిన కాళ్ళివి. నీ పెడల్లోనే సత్తా లేదేమో చూసుకో."

"పెడలు నాది కాదు, మీ ఆయనది."

"అయితే సత్తా ఉండే ఉంటుంది. మొండితనమూ ఉంటుంది."

పెర్సీ నవ్వాడు. ఎడ్నా కూడా నవ్వబోయి ఆగింది. బ్రేకు పైపుల్లోంచి గాలి తియ్యడం ఇద్దరు మనుషుల పని. ఒకరు సీట్లో కూచుని తొక్కాలి. ఇంకొకరు చక్రం దగ్గర పడుకుని, చిన్న మర వదులు చేసి, సీసాలోకి బుడగలు రావడం ఎప్పుడు ఆగుతుందా అని చూడాలి. ఒంటరివాడి వల్ల అయ్యేది కాదు. నీలం కారుకి తొక్కింది రాబిన్. వంటింట్లో పిండి కలుపుతుంటే ఆమెకు వినపడేది, "తొక్కు", "అంటింది నాన్నా", "వదులు" అని, ఏదో ప్రార్థన చదువుతున్నట్టు. మరి ఈ ఎర్రదానికి ఎవరు తొక్కుతారనుకున్నాడు ఆయన? ఒక్కసారైనా తనను అడగలేదు. అడిగితే వచ్చేది కాదని తెలిసి ఉంటుంది.

"బుడగలు ఆగాయి," అన్నాడు పెర్సీ. "మర బిగించేశా. ఇప్పుడు తొక్కి పట్టుకో. రాయిలా ఉండాలి."

ఎడ్నా తొక్కి పట్టుకుంది. మొదట రాయిలాగే ఉంది. తరవాత కాలి కింద ఏదో సడలినట్టయింది. పెడలు నిద్రలోకి జారుకుంటున్న మనిషిలా మెల్లగా, చప్పుడు లేకుండా కిందకి దిగసాగింది.

"పెర్సీ, ఇది జారుతోంది."

టార్చి వెలుగు చట్రం కింద అటూ ఇటూ కదిలి ఒకచోట ఆగింది. ఆ తరవాత స్పానరు చప్పుడు. అది కూడా ఎంతోసేపు వినపడలేదు. నట్టు వేళ్ళతోనే ఊడి వచ్చేసినట్టుంది.

పెర్సీ ఊడిన పైపుతో సహా బయటికి వచ్చి బల్ల పక్కన ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు. అరచేతిలో, పైపు కొసన, నూనె మెరుస్తున్న చిన్న నట్టు. దాన్ని చూస్తూ, చూస్తూ, రెండో చేత్తో బల్ల మీదున్న గుండ్రటి మిఠాయి డబ్బా మూత నొక్కి మూసి, మోచేత్తో వెనక్కి తోశాడు. పెర్సీ ఎప్పుడో తెచ్చిపెట్టిన, నట్లూ బోల్టులూ వేసుకునే డబ్బా అది. ఎడ్నా చూసింది గాని పట్టించుకోలేదు. ఆమె కళ్ళు అతని ముఖం మీద ఉన్నాయి.

"ఏమైంది?"

"ఏం లేదు. నట్టు మార్చాలి."

"ఏం లేకపోతే ముఖం అలా సున్నం కొట్టినట్టు ఎందుకైంది? చెప్పు. సోమవారం ఒక ఆడపిల్ల ఈ సీట్లో కూచుంటుంది."

పెర్సీ నట్టును చొక్కా అంచుతో తుడిచాడు. "పాత కార్లవి అంగుళాల కొలతలు, కొత్తవి మిల్లీమీటర్లు. మన బండ్లు కాస్త దాంట్లోంచీ కాస్త దీంట్లోంచీ తెచ్చి కలిపినవి కదా, రెండూ ఉంటాయి. ఈ రెండు రకాల నట్లూ పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉంటాయి. ఇది అంగుళాలది. అక్కడున్నది మిల్లీమీటర్ల రంధ్రం. దూరుతుంది. నాలుగు చుట్లు తిరిగి ఇరుక్కుంటుంది. స్పానరు పట్టినవాడి చేతికి బిగిసిందనే అనిపిస్తుంది. లోపల మాత్రం పైపు మూతి సరిగ్గా ఆనదు."

"ఆనకపోతే?"

"మామూలుగా తొక్కితే ఆగుతుంది. నెలలు కూడా ఆగుతుంది. కొండ దిగుతూ, గట్టిగా..."

అక్కడ ఆపేశాడు. ఆపకపోతేనే బాగుండేదేమో, ఎందుకంటే ఆ ఖాళీలోకి ఇద్దరికీ ఒకే మలుపు కనబడింది. నీలం కారుకి పాత రకం బ్రేకు. ఒకచోట కారితే నాలుగు చక్రాలకూ లేనట్టే. ఆ రోజు ఊడింది వెనక ఎడమ పైపే. వెనక పైపులన్నీ చేసింది పెద్దకొడుకు కీత్. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు. డెస్మండే చెప్పాడు.

ఎడ్నా కారులోంచి దిగింది. ఏప్రన్ జేబులోంచి మేజోడు తీసి బల్ల మీద పెట్టి విప్పింది.

పెర్సీ లేచి నిలబడ్డాడు. "అది పారేశానన్నాడే."

"నీతో అన్నాడా? నాకైతే అది ఉందనే చెప్పలేదు." ఆమె గొంతు ఎప్పటిలాగే ఉంది, బడిపిల్లలకు వరసలో నిలబడమని చెప్పేటప్పటిలా. "ఇక్కడే ఉండు. కదలకు."

వంటింట్లోకి వెళ్ళి సొరుగు లాగి అప్పడాల కర్ర తీసుకుని వచ్చింది.

ఆ కర్రకు నడుం దగ్గర నల్లటి గీత ఉంది, ఎంత తోమినా పోనిది. కీత్ పెట్టిన గీత. ఆ పిల్లవాడు ఏ పైపు వంచాలన్నా వంటింట్లోకి దొంగలా దూరి ఈ కర్ర ఎత్తుకుపోయేవాడు. దాని మీదుగా వంచితే పైపు నలగదు, వంపు నీళ్ళు తిరిగినంత నున్నగా వస్తుందనేవాడు. "మీ కారు తింటారా, నేను చేసే రొట్టె తింటారా మీరు?" అని ఆమె కేకలేసేది. డెస్మండ్ దగ్గర ఆ సుకుమారం లేదు. చిన్న ఇత్తడి కప్పీ ఒకటి ఉండేది, దాని మీద వేసి ఒక్క లాగు లాగేవాడు. తండ్రీకొడుకులు రోజూ దీని మీదే వేళాకోళమాడుకునేవాళ్ళు. నువ్వు వంచితే నది, నేను వంచితే మోచెయ్యి అనేవాడు డెస్మండ్.

గోడకి మేకు మీద కీత్ కుర్రతనంలో అలవాటు కోసం వంచిన పైపు ముక్క ఇంకా వేలాడుతోంది. డెస్మండ్ దాన్ని తియ్యలేదు. ఎడ్నా దాన్ని అందుకుని కర్రకు ఆనించింది. నల్ల గీత మీద హత్తుకుని కూచుంది, ఉంగరం వేలికి పట్టినట్టు.

తరవాత మేజోడులో ఉన్న ముక్కను ఆనించింది. పట్టలేదు. తిప్పి పెట్టింది. పట్టలేదు. కర్ర ఆ వంపులోకి దూరనే లేదు.

మూడోసారి, దాన్ని పెర్సీ ఇప్పుడే ఊడదీసిన ఎర్ర కారు పైపు పక్కన పెట్టింది. రెండూ ఒకే మోచెయ్యి.

"ఇది కీత్ చేసింది కాదు," అంది.

పెర్సీ నేలకేసి చూస్తున్నాడు. బ్రేకు నూనె చుక్కలు అక్కడ చిన్న మడుగు కట్టాయి.

"నీకు కళ్ళున్నాయి పెర్సీ. ఇది కీత్ చేసింది కాదు."

"కాదు."

"మరి?"

"కీత్ చేసిన పైపు పెట్రోలు పైపుకు రాసుకుంటోంది. వంపు పెద్దది కదా, చోటు చాల్లేదు. రెండు పైపులూ ఒకదానికొకటి రాసుకుంటే ఏదో ఒకటి అరుగుతుంది, పెట్రోలు కారితే నిప్పంటుకుంటుంది. డెస్మండ్ ప్రమాదం జరిగిన ఆదివారం పొద్దున చూశాడు. కీత్ ఇంట్లో లేడు. రాబిన్ అప్పటికే తాళాలు పట్టుకుని కూచున్నాడు, మధ్యాహ్నం తనకి నచ్చిన పిల్లకి బండి చూపిస్తానని. అందుకని డెస్మండ్ అది కోసి పారేసి, ఇరుకుగా ఇంకోటి వంచి పెట్టాడు. గంటలో పనైపోయింది."

"నీకెలా తెలుసు?"

"నేనూ ఇక్కడే ఉన్నా."

ఎడ్నా అప్పడాల కర్రను గుండెకు ఆనించుకుని కారు అంచు మీద కూచుంది.

ఆరేళ్ళ కిందట చర్చిలో, రాబిన్ పేటిక మొయ్యడానికి అన్న కీత్ ముందుకు వచ్చాడు. నల్ల కోటు వేసుకుని, జుట్టు తడిపి దువ్వుకుని, ముందు వరసలో కుడి భుజం దగ్గర. పేటిక లేపబోతుంటే ఎడ్నా లేచి వెళ్ళి పెద్దకొడుకు ఛాతీ మీద అరచెయ్యి ఆనించి వెనక్కి తోసింది. "నీ చెయ్యి నా బిడ్డకి తగలడానికి వీల్లేదు," అంది. చర్చి నిండా జనం. కీత్ తన రెండు చేతులూ చూసుకుని, జేబుల్లో పెట్టుకుని, పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. తండ్రి పోయినప్పుడూ రాలేదు. ఎంత రాతిగుండెరా నీది అని అప్పుడూ తిట్టుకుంది.

ఆ మాట అన్నప్పుడు డెస్మండ్ ఆమె పక్కనే ఉన్నాడు. అంతా విన్నాడు.

"ఆయన నా పక్కనే నిలబడ్డాడు," అంది. "నా మోచెయ్యి పట్టుకుని."

"మొదట తిట్టినప్పుడు వాడికే సరిగ్గా తెలీదు ఎడ్నా. దుఃఖంలో కీత్‌ని తిట్టాడు, అందరూ నమ్మారు. మర్నాడు పైపు చూసుకున్నాడు. అప్పటికే నోరు మూసుకుపోయింది."

"ఆరేళ్ళా?"

పెర్సీ వంగి ఎర్ర కారు పైపు అందుకుని వెలుగులో పెట్టి చూపించాడు. దాని మూతి పువ్వులా సమంగా విచ్చుకుని ఉంది, ఎక్కడా చిన్న గాటు లేదు. "నీలం కారు పైపు మూతి సరిగ్గా వెడల్పు చెయ్యలేదు, అందుకే చిట్లిందనుకున్నాడు వాడు. ఈసారి ఒక్కో మూతీ ఎన్నిసార్లు కోసి మళ్ళీ చేశాడో. తప్పు మూతిది కాదని వాడికి తట్టలేదు. నట్టు మీద అనుమానం రాలేదు."

అంటే ఆయన ఇన్నాళ్ళూ ఈ చలిలో కూచుని, చెయ్యని తప్పుకి ప్రాయశ్చిత్తం చేసుకుంటూ, చేసిన తప్పునే మళ్ళీ చేశాడన్నమాట. ఎడ్నాకు ఆయన మీద కోపం రావాలి. వచ్చింది కూడా. అయితే ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కేకలేద్దామంటే ఎదురుగా మనిషి లేడు. ఉన్నవి ఆయన చేసిన నున్నటి మూతులు మాత్రమే, ఒకటి తరవాత ఒకటి, చట్రం పొడుగునా. పెట్రోలు పైపు ఒక వైపున, బ్రేకు పైపు ఇంకో వైపున, పలకరింపుల్లేని తోడికోడళ్ళలా దూరం దూరంగా వేసి, జాన జానకీ క్లిప్పు బిగించాడు. ఈసారి ఏదీ దేనికీ రాసుకోకూడదని.

ఆమె లేచింది. "కీత్ ఎక్కడున్నాడో నాకు తెలీదు. వేల్స్‌లో ఎక్కడో ఓడల రేవులో పని అన్నారు. నంబరు ఎవరినడగాలి?"

పెర్సీ చాలాసేపు టోపీ చేతుల్లో తిప్పాడు. తరవాత గోడకేసి చూస్తూ నంబరు చెప్పాడు. ఎక్కడా చూసుకోకుండా, తన ఇంటి నంబరు చెప్పినట్టు చెప్పేశాడు.

ఎడ్నా అతని వంక ఒక్క క్షణం చూసింది. ఆ సంగతి తరవాత, అనుకుని ఇంట్లోకి నడిచింది.

ఫోను మెట్ల దగ్గర. రెండోసారి మోగుతుండగానే ఎత్తారు. "హలో," అన్న గొంతు డెస్మండ్‌దే. ఆమె ఒక్కసారి గోడ పట్టుకుంది. కాదు, కీత్‌ది. వయసు పెరిగి తండ్రి గొంతు వచ్చేసింది.

"కీత్. నేను."

అవతల చెంచా కప్పులో తిరుగుతున్న చప్పుడు ఆగిపోయింది. "అమ్మా?"

"ఆ పైపు నువ్వు చేసింది కాదు." ఎన్నో అనుకుని వచ్చింది, ఇది తప్ప ఇంకేమీ బయటికి రాలేదు. "కర్ర పెట్టి చూశాను. పట్టలేదు."

"నాకు తెలుసమ్మా."

"ఎప్పట్నుంచి?"

"బండిని ఇంటికి లాక్కొచ్చిన రోజు నుంచి. కిందకి ముందు దూరింది నేనే కదా. వంపు చూశా. నట్టూ చూశా. నేను బయటికి వచ్చి నోరు తెరిచేలోపే నాన్న అరవడం మొదలెట్టాడు. మర్నాటికి ఆ పైపు అక్కడ లేదు."

"మరి నాకెందుకు చెప్పలేదురా? చర్చిలో నేను అంత మాట అన్నప్పుడైనా?"

"చెబితే ఏమయ్యేది? రాబిన్ పోయాడు. అది చెబితే నాన్న కూడా పోయేవాడు నీకు. నేను ఎలాగూ ఎప్పుడో ఇల్లు వదలాల్సినవాణ్ణి. నువ్వేమో ఆయనతో రోజూ ఒకే బల్ల దగ్గర కూచుని టీ తాగాలి."

ఎడ్నా మెట్టు మీద కూచుంది. తప్పయిపోయిందని అనాలి. ఆ మాట చాలా చిన్నదిగా కనిపించింది, ఆ మనిషి ముందు పెట్టడానికి సిగ్గేసింది.

"నీ చేతులెలా ఉన్నాయి?" అని అడిగింది.

"బాగానే ఉన్నాయమ్మా. గ్రీజే ఎంత కడిగినా పోవట్లేదు."

"గ్రీజుతోనే రా. ఇవాళే రా."

"వస్తా. రాత్రికల్లా వస్తా." చెంచా పక్కన పెట్టిన చప్పుడైంది. "నేనొచ్చేదాకా ఆ బండి ఎవరికీ ఇవ్వకు. ఇంకో మాట. నాన్న ఇంట్లో అంగుళాల నట్టు ఒక్కటి కూడా ఉండనిచ్చేవాడు కాదు, గుర్తుందా? రెండూ కలుస్తాయని భయం. చేతికి దొరికితే అప్పటికప్పుడు చెత్తలో పారేసేవాడు."

గుర్తుంది. ఊడుస్తుంటే దొరికినవి ఆమె ఏప్రన్‌లో వేసుకుంటుందని జేబులు తడిమి మరీ వెతికేవాడు.

"మరి ఆ ఆదివారం పొద్దున ఆయన చేతికి ఆ నట్టు ఎవరి డబ్బాలోంచి వచ్చింది? ఇన్నేళ్ళుగా నెలనెలా నాకు ఫోను చేస్తాడు, ఇది మాత్రం చెప్పడు. పెర్సీని అడుగు."

ఎడ్నా ఫోను పెట్టకుండా మెట్టు మీదే వదిలేసి గరాజు తలుపు తీసింది.

దిమ్మల మీద ఎర్ర కారు అలాగే ఉంది. జామ్ సీసా, గోనెపట్టా, స్టూలు మీద టోపీ. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. అవతల వానలో బోడితల మనిషి ఒకడు చంకలో ఏదో పెట్టుకుని, వెనక్కి చూడకుండా, ఎదురింటి మెట్లు ఎక్కుతున్నాడు.

బల్ల మీద మిఠాయి డబ్బా లేదు. అది ఉన్నచోట దుమ్ములో శుభ్రంగా గుండ్రటి మచ్చ మిగిలి ఉంది.